పడవ కేబిన్‌కు కొత్త హంగులు: బరువు, తేమ, కరెంటు, నిప్పు లెక్కలు

పాత మోటారు పడవ కొని, దాని కేబిన్‌ను స్టార్ హోటల్ గదిలా మార్చేసే వీడియోలకు ఈమధ్య కొదవ లేదు. మొదట్లో జారిపోయిన సీలింగు, మసకబారిన చెక్క, బూజు పట్టిన పరుపులు. పావుగంటలో తెల్లటి గోడలు, దాచిపెట్టిన ఎల్‌ఈడీ దీపాలు, రాతి గట్టున్న వంటగది. చూసినవాళ్లు ముచ్చటపడతారు. పడవలతో పనిచేసేవాళ్లు మాత్రం ఆ రాతి గట్టు దగ్గరే ఆగిపోయి "దీని బరువెంత?" అని అడుగుతారు.

ఆ ప్రశ్న అసూయతో వచ్చింది కాదు. ఇంట్లో సోఫా మార్చినా, గోడకు పలకలు బిగించినా పునాదికి ఏమీ కాదు. పడవలో అలంకరణను, నిర్మాణాన్ని విడదీసే గీత లేదు. లోపల చేసే ప్రతి మార్పూ పడవ ఒరిగే తీరును, గాలి ఆడే తీరును, కరెంటు వాడకాన్ని, ఆపదలో బయటపడే దారిని ఎంతో కొంత మారుస్తుంది. ఏది ఎంత మారుస్తుందో చూద్దాం.

ఏ పడవ సంగతి ఇది

ఇక్కడ చెప్పేది అమెరికా, యూరప్‌లలో 'కేబిన్ క్రూజర్' అని పిలిచే కుటుంబ పడవ గురించి. పొడవు ఇరవై అయిదు నుంచి నలభై అడుగులు, ఒకటో రెండో ఇంజన్లు, లోపల పడుకోవడానికి చోటు. 1980లు, 90లలో ఫైబర్‌గ్లాస్‌తో కట్టినవి అక్కడి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. పడవ ఒళ్లు, అంటే 'హల్', గట్టిగానే ఉంటుంది. లోపలి సామాను వయసైపోతుంది. అందుకే బాగుచేతకు అంత గిరాకీ.

కొన్ని మాటలు ముందే తెలిస్తే మంచిది. వంటగది 'గ్యాలీ', మరుగుదొడ్డి 'హెడ్', పడక 'బెర్త్'. నడిచే పలకల కింద, హల్ అట్టడుగున నీళ్లు చేరే గుంట 'బిల్జ్'. పడవను అడ్డంగా గదులుగా విడగొట్టే గోడ 'బల్క్‌హెడ్'. ఈ చివరిది చూడటానికి మామూలు చెక్క గోడలాగే ఉంటుంది కానీ చాలా పడవల్లో ఫైబర్‌గ్లాస్ పట్టీలతో హల్‌కు అతికించి ఉంటుంది. అలలు కొట్టినప్పుడు హల్ మెలితిరగకుండా పట్టి ఉంచేది అదే. 'ఓపెన్ ప్లాన్' పేరుతో దాన్ని కోసేస్తే పడవ ఎముక కోసినట్టే.

బరువు ఎక్కడ చేరింది

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహించుకున్నవే కానీ ఈ తరహా పడవకు సరిపోతాయి. పొడవు 9 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, బరువు 5,000 కిలోలు. నీటి మట్టం దగ్గర పడవ ఆకారం పూర్తి దీర్ఘచతురస్రం కాదు కాబట్టి అందులో ముప్పాతిక వంతు తీసుకుంటే దాదాపు 20 చదరపు మీటర్లు. అంటే పడవ ఒక సెంటీమీటరు దిగాలంటే మంచినీటిలో సుమారు 200 కిలోలు ఎక్కించాలి.

ఇప్పుడు యజమాని పైకప్పు మీద ఏసీ యూనిట్, సోలార్ పలకలు, వాటి ఫ్రేము పెట్టించాడు. మొత్తం 150 కిలోలు. పడవ ముక్కాలు సెంటీమీటరు కూడా దిగదు. ఒడ్డున నిలబడి చూస్తే తేడాయే తెలియదు. "చూశారా, ఏమీ కాలేదు" అనుకునేది ఇక్కడే.

కానీ ఆ బరువు పడవ గరిమనాభికి, అంటే పడవ బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువుకు, 1.6 మీటర్ల పైన ఉంది. 150ని 1.6తో గుణించి మొత్తం బరువు 5,150తో భాగిస్తే గరిమనాభి దాదాపు 4.7 సెంటీమీటర్లు పైకి జరిగిందని తేలుతుంది. ఇదెందుకు ముఖ్యమంటే, పడవ కాస్త ఒరిగినప్పుడు దాన్ని పైకి నెట్టే నీటి బలం ఒరిగిన వైపుకు జరుగుతుంది. ఆ బలం పనిచేసే నిలువు గీత పడవ నడిగీతను తాకే చోటును 'మెటాసెంటర్' అంటారు. గరిమనాభి దానికి ఎంత కింద ఉంటే పడవ అంత గట్టిగా తిరిగి నిటారుగా లేస్తుంది. మన పడవలో ఆ దూరం 60 సెంటీమీటర్లు అనుకుంటే, కొత్త హంగులకే 5 సెంటీమీటర్లు పోయాయి.

ఇంతటితో ముప్పేమీ రాదు. 65 కిలోల చొప్పున ఎనిమిది మంది పై డెక్ మీదికి, గరిమనాభికి 2 మీటర్ల ఎత్తుకు ఎక్కారనుకోండి. గరిమనాభి మరో 18 సెంటీమీటర్లు లేస్తుంది. మిగిలింది 37. వాళ్లంతా ఫొటో కోసం ఒక వైపుకు మీటరు జరిగితే పడవ సుమారు 14 డిగ్రీలు ఒరుగుతుంది. ఏ మార్పూ చేయని పడవలో అదే ఎనిమిది మంది కింద కేబిన్‌లో ఉండి అంతే జరిగితే 9 డిగ్రీల దగ్గర ఆగేది. ఒరుగు పెరిగేకొద్దీ ఈ సులువు సూత్రం పనిచేయదు. అలలు, గాలి దీనికి అదనం.

ఇది కాగితం మీది భయం మాత్రమే కాదు. 2023 మే 7న కేరళలోని మలప్పురం జిల్లా తానూరులో ఒక పర్యాటక పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. అది చేపల పడవను రెండంతస్తుల విహార పడవగా మార్చింది. ఎక్కించాల్సినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు. పడవ ప్రమాదం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది 2019 సెప్టెంబరు 15 నాటి కచ్చులూరు. అయితే అది వరద గోదావరిలో జరిగింది. దాన్ని తెచ్చి ఈ చర్చలో కలపడం సరికాదు.

పక్కకు పడే బరువు సంగతి వేరు. గ్యాలీలో 1.2 చదరపు మీటర్ల గట్టుకు 20 మిల్లీమీటర్ల గ్రానైట్ వేస్తే దాదాపు 65 కిలోలు. మన చీమకుర్తి నల్లరాయి అయితే ఇంకాస్త ఎక్కువే. గ్యాలీ నడిగీతకు 90 సెంటీమీటర్లు ఒక పక్కన ఉంటే పడవ ఎప్పుడూ ఒక డిగ్రీ పైచిలుకు ఒరిగే ఉంటుంది. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది. కానీ డెక్ మీది వాననీరు పోవాల్సిన కంతల వైపు పోదు, స్నానం నీళ్లు మూలన నిలుస్తాయి, గుండ్రటి వస్తువేదీ పెట్టినచోట ఉండదు. అదే గట్టును 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద లామినేట్‌తో చేస్తే 10 కిలోల లోపే.

మరి బరువంతా అడుగున పెడితే మంచిదా? అక్కడా ఒక మెలిక ఉంది. గరిమనాభి మరీ కిందికి దిగితే పడవ విసురుగా, కుదుపుగా లేస్తుంది. లోపలివాళ్లకు కడుపులో తిప్పుతుంది. పడవ గీసినవాళ్లు ఈ రెంటి మధ్య ఒక చోటును ఎంచుకుని ఉంటారు. దాని దగ్గర్లో ఉండటమే మేలు.

నీళ్లు పైనుంచి, పక్కనుంచి, మన ఊపిరి నుంచి

కేబిన్‌లో కుళ్లిన చెక్క కనిపిస్తే చాలామంది చెక్క మారుస్తారు. తప్పు చెక్కది కాదు. డెక్ మీద రెయిలింగు కాళ్లు, కిటికీ ఫ్రేములు, లంగరు యంత్రం బిగించిన మరల చుట్టూ ఉండే సీలెంటు ఇరవై ఏళ్లకు ఎండి బీటలిస్తుంది. చాలా డెక్‌లు రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా అనే తేలిక చెక్క పెట్టి చేసినవి. మర కంతలోంచి దిగిన నీరు ఆ బాల్సాను నానబెట్టి, ఎక్కడో దూరంగా కేబిన్‌లో బొట్టుగా బయటపడుతుంది. అందుకే అనుభవమున్న పనివాళ్లు కేబిన్ పనిని డెక్ మీద మొదలుపెడతారు. వీడియోల్లో ఈ భాగం సాధారణంగా ఉండదు. చూడటానికి ఏముంటుంది అందులో?

రెండో రకం నీరు గాలిలోంచి వస్తుంది. సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ లాంటి చోట సముద్రపు నీరు ఏడాదిలో ఎక్కువ భాగం పది డిగ్రీల అటూఇటూ ఉంటుంది. నీటి మట్టానికి కింద ఉన్న హల్ గోడ కూడా దాదాపు అంతే చల్లగా ఉంటుంది. కేబిన్‌లో హీటరు వేసి 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంచితే, ఆ గాలి 12 డిగ్రీల ఉపరితలాన్ని తాకగానే తేమ బొట్లుగా మారుతుంది. అంటే పరుపు వెనక, అలమర లోపల, కొత్తగా బిగించిన అందమైన పలక వెనక రాత్రంతా నీరు చేరుతూనే ఉంటుంది. ఇద్దరు నిద్రపోతే వాళ్ల ఊపిరి, చెమటల నుంచే తెల్లారేసరికి అర లీటరు దాకా నీరు గాలిలో కలుస్తుంది. కిలో ప్రొపేన్ గ్యాస్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది.

పాత పడవల గోడలకు అంటించిన కార్పెట్టు లాంటి గుడ్డను అందరూ వెక్కిరిస్తారు కానీ దానికో పని ఉంది. గది గాలి నేరుగా చల్లటి ఫైబర్‌గ్లాస్‌కు తగలకుండా కాస్త అడ్డుకుంటుంది. దాన్ని పీకి రంగు పూస్తే గోడ శుభ్రంగా కనిపిస్తుంది, కానీ చలిరోజున కారుతుంది. మధ్యేమార్గం ఏమిటంటే, నీరు పీల్చని 'క్లోజ్డ్ సెల్' ఫోమ్‌ను హల్‌కు ఖాళీ లేకుండా అతికించి దాని మీద పలక వేయడం. నీరు పీల్చే మామూలు స్పాంజి వాడితే మళ్లీ బూజే. ఫోమ్‌కూ హల్‌కూ మధ్య ఖాళీ వదిలితే తేమ అక్కడికి చేరి, మనకు కనబడకుండా అదే పని చేస్తుంది. పరుపు కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు వేయడం చాలా చౌకైన మార్పు. నా దృష్టిలో కేబిన్‌కు చేసే మార్పులన్నిట్లో పెట్టిన రూపాయికి ఎక్కువ సుఖం ఇచ్చేది అదే.

ప్లైవుడ్ దగ్గర మనవాళ్లకు తెలిసిన లెక్కే పనికొస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వంటింటి కప్‌బోర్డులు చేయించినవాళ్లంతా '710 ప్లై' మాట వినే ఉంటారు. ఆ ఐఎస్ 710 అనేది మెరైన్ ప్లైవుడ్‌కు మన దేశపు ప్రమాణం. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1088. రెండింటిలోనూ నీటికి ఊడని జిగురు వాడాలి. జిగురు ఊడనంత మాత్రాన చెక్క కుళ్లదని కాదు. కోసిన అంచుల్ని ఎపాక్సీతో మూయకపోతే అదీ నానుతుంది. బరువు తేడా ఇంకో సంగతి. మన దగ్గర దొరికే గర్జన్ ప్లై 12 మిల్లీమీటర్లది చదరపు మీటరుకు 8 కిలోల పైన తూగితే, పడవలవాళ్లు ఇష్టపడే ఒకూమే చెక్క ప్లై 6 కిలోల దగ్గర ఉంటుంది. 15 చదరపు మీటర్ల పనిలో 30 కిలోలకు పైగా తేడా. ఇక చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్‌ను, పార్టికల్ బోర్డును పడవ దరిదాపులకు రానివ్వకపోవడమే మంచిది.

కరెంటు: దీపాలతో మిగిలేది, ఏసీతో పోయేది

పాత పడవలో 10 వాట్ల హాలోజన్ దీపాలు పది ఉన్నాయనుకుందాం. రాత్రి నాలుగు గంటలు వెలిగితే 400 వాట్-అవర్లు, 12 వోల్టుల బ్యాటరీలోంచి 33 ఆంపియర్-అవర్లు. 2 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే 7 లోపే. దీని మీద ఎవరికీ అభిప్రాయభేదం లేదు.

గొడవ ఏసీ దగ్గర వస్తుంది. చిన్న ఏసీ 500 వాట్లు తీసుకుంటుంది, రాత్రి ఎనిమిది గంటల్లో కంప్రెసరు అరవై శాతం సమయం నడుస్తుంది అనుకుంటే 2,400 వాట్-అవర్లు. ఇన్వర్టరు నష్టం కలిపితే 12 వోల్టుల దగ్గర దాదాపు 220 ఆంపియర్-అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు కాబట్టి 100 ఆంపియర్-అవర్లవి అయిదు కావాలి. ఒక్కోటి 28 కిలోల చొప్పున 140 కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే మూడు చాలు, మొత్తం 40 కిలోల లోపు. బరువు లెక్క మళ్లీ ఇక్కడ తలెత్తింది చూడండి.

లిథియం వైపువాళ్లు బరువు, ఆయుష్షు చూపిస్తారు. ఎదుటివాళ్లు ఇంజనుతో తిరిగే పాత ఆల్టర్నేటరు ఈ బ్యాటరీలు లాగే అంత కరెంటును ఆపకుండా ఇస్తూ వేడెక్కి కాలిపోగలదని, గడ్డకట్టే చలిలో ఈ బ్యాటరీలను చార్జి చేయకూడదని, కొన్ని బీమా కంపెనీలు ఎవరు బిగించారని అడుగుతాయని చెబుతారు. రెండూ నిజాలే. లిథియం ఒక్కటే మార్చి చార్జింగు వ్యవస్థను ముట్టుకోకపోతే వచ్చే చిక్కు ఇది. బ్యాటరీ రసాయనం మీద నింద వేయడం అన్యాయం.

ఇంటి ఎలక్ట్రీషియన్‌తో పడవ వైరింగు చేయించడం గురించి కూడా ఒక మాట. ఇళ్లలో వాడే ఒంటి తీగ రాగి వైరు ఇంజను అదురుకు విరుగుతుంది. పడవలో సన్నటి పోగుల వైరు, అదీ తగరం పూత వేసింది వాడతారు. ఉప్పుగాలికి వట్టి రాగి నల్లబడిపోతుంది. ఇంకా ముఖ్యమైంది: రేవులో ఒడ్డు కరెంటు తీసుకుంటున్నప్పుడు పడవలో న్యూట్రల్, ఎర్త్ కలపకూడదు. అలా కలిపి ఎక్కడో లీకేజీ ఉంటే కరెంటు నీళ్లలోకి దిగుతుంది. మంచినీటి రేవుల్లో ఈదేవాళ్లు దానివల్లే చనిపోయిన సంఘటనలు ఉన్నాయి.

నిప్పు, గ్యాస్, బయటపడే దారి

ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. వంటింట్లో లీకైతే కిటికీలోంచి పోదు, బిల్జ్‌లోకి దిగి అక్కడే కూర్చుంటుంది. పెట్రోలు ఆవిరీ అంతే. అందుకే సిలిండరును కేబిన్‌లో పెట్టరు. అడుగున బయటికి గొట్టమున్న వేరే పెట్టెలో పెడతారు. కొత్త డిజైన్లో "ఆ పెట్టె చోటు వృథా" అనిపించి దాన్ని అలమరగా మార్చేవాళ్లున్నారు. పెట్రోలు ఇంజనున్న పడవలో ఇంజను గది ఖాళీ చూసి అక్కడ మామూలు చార్జరో ఫ్రిజ్జో ఇరికించడమూ ఇలాంటిదే. మామూలు స్విచ్చులు, రిలేలు పనిచేసేటప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. అలాంటి చోట రవ్వ బయటికి రాకుండా చేసిన పరికరాలే ఉండాలని అమెరికా నిబంధనలు చెబుతాయి.

కార్బన్ మోనాక్సైడ్ దీనికి భిన్నం. దాని బరువు దాదాపు గాలి అంతే, రంగూ వాసనా లేవు. గోడ పలకలు చక్కగా కనబడాలని గాలి కంతలు మూసేస్తే ఇంజను, జనరేటర్ల పొగ లోపల చేరినప్పుడు పోవడానికి దారి ఉండదు. పడుకునే ప్రతి గదిలో అలారం పెట్టాలనేది ఇందుకే.

బయటపడే దారి గురించి మాట్లాడేవాళ్లు తప్పక చెప్పే ఘటన ఒకటుంది. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో శాంటా క్రూజ్ దీవి దగ్గర 'కన్సెప్షన్' అనే డైవింగ్ పడవ రాత్రిపూట తగలబడి 34 మంది చనిపోయారు. అందరూ కింది గదిలో నిద్రపోతున్నవాళ్లే. ఆ గదికి రెండు దారులున్నాయి, మెట్లు ఒకటి, పైకప్పులో చిన్న తలుపు ఒకటి. కానీ రెండూ వెళ్లి తేలేది పైనున్న ఒకే హాలులోకి. మంటలు ఉన్నది ఆ హాలులోనే. మంట ఎలా మొదలైందో కచ్చితంగా తేలలేదు. రాత్రి కాపలా లేకపోవడాన్ని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ముఖ్యంగా తప్పుపట్టింది. అది వాణిజ్య పడవ, కుటుంబ పడవతో నేరుగా పోల్చలేం. అయినా 'రెండు దారులు' అనే మాటకు అర్థం ఏమిటో అది చూపింది.

కేబిన్ క్రూజర్లో ఆ రెండో దారి సాధారణంగా ముందు బెర్త్ పైనున్న అద్దపు తలుపు. కొత్త సీలింగు దాన్ని రెండంగుళాలు ఇరుకు చేస్తుంది. బిగించేసిన దోమతెర దాన్ని మూస్తుంది. బెర్త్‌ను సామాన్ల అలమరగా మారిస్తే అక్కడికి ఎక్కే వీలే పోతుంది. లావుపాటి మనిషి చీకట్లో అందులోంచి దూరగలడా అన్నది కొలిచి చూడాల్సిన సంగతి.

టేకు చెక్కా, తెల్ల రంగా

ఇది రుచికి సంబంధించిన తగువు అనిపిస్తుంది కానీ పూర్తిగా కాదు. పాత టేకు పలకల్ని అభిమానించేవాళ్ల వాదన: వార్నిష్ వేసిన చెక్క మీద ఎక్కడ నీరు దిగినా నల్లటి మరక పడుతుంది, లీకును ముందే పట్టిస్తుంది. పైగా ఒకసారి రంగు వేస్తే వెనక్కి తేవడం కష్టం, పాత పడవల ప్రేమికులు తర్వాత కొనరు. తెల్ల రంగు వైపువాళ్లు చెప్పేది: ఇరుకు గది విశాలంగా కనిపిస్తుంది, పగలు దీపం అక్కర్లేదు, తెలుపు మీద కూడా మరక కనబడుతుంది కదా. పేరున్న క్లాసిక్ పడవకు మొదటి వాదన నిలుస్తుంది. వేలల్లో తయారైన మామూలు మోడల్‌కు రెండోది సరిపోతుంది. పలుచటి చెక్కపొరను ఇప్పటికే ఎవరో అరగదీసి ఉంటే మళ్లీ సానపట్టడానికి ఏమీ మిగలదు, అప్పుడిక రంగే గతి.

నేల విషయంలో మాత్రం నేను ఒక పక్షమే. ఇళ్లలో వాడే, ఒకదానికొకటి ఇరుక్కునే వినైల్ పలకలు బిల్జ్ తలుపుల మీదుగా పరిచేస్తే అందం ఉంటుంది, కానీ పంపు ఆగిన రోజు కింద చేయి పెట్టే దారి ఉండదు. ఏ తలుపుకు ఆ తలుపు విడిగా కోసి అతికించగలిగే నేల ఏదైనా పరవాలేదు.

చట్టం ఎక్కడ అడ్డొస్తుంది

అమెరికాలో సొంత వాడకానికి ఉన్న పడవ లోపల మార్చుకోవడానికి ప్రభుత్వ అనుమతి సాధారణంగా అక్కర్లేదు. పడవల ప్రమాణాలు రాసే అక్కడి సంస్థ ఏబీవైసీ. దాని ప్రమాణాలు స్వచ్ఛందమైనవి. అయితే బీమా కోసం, అమ్మకం కోసం వచ్చే సర్వేయరు వాటినే పట్టుకుని చూస్తాడు. యూరప్‌లో పడవ భద్రత నిబంధనలకు సరిపోకుండాపోయేంత పెద్ద మార్పు చేస్తే దాన్ని కొత్త పడవలాగే మళ్లీ పరీక్షకు పెట్టాలని 2013 నాటి డైరెక్టివ్ చెబుతుంది. సోఫా, పరుపులు ఆ కోవలోకి రావు. పై డెక్ కొత్తగా కడితే వచ్చే అవకాశముంది. బ్రిటన్‌లోని కాలువలు, నదుల మీద తిరిగే చాలా పడవలకు నాలుగేళ్లకోసారి గ్యాస్, కరెంటు, ఇంధనం, గాలి కంతల తనిఖీ ఉంటుంది.

మన దేశంలో 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. నదులు, కాలువల మీద యంత్రంతో నడిచే పడవలకు నమోదు, సర్వే దాని కిందికి వస్తాయి. పాపికొండల లాంచీ అయినా, అలెప్పీ హౌస్‌బోటు అయినా ప్రయాణికుల్ని ఎక్కించే పడవలో కొత్త అంతస్తు, కొత్త గది, కొత్త ఇంజను పెట్టించిన యజమాని పాత సర్వే కాగితం చూపించి నడిపితే కుదరదు. ఆ కాగితంలో రాసిన ప్రయాణికుల సంఖ్య, మార్చకముందున్న పడవ లెక్క ప్రకారం ఇచ్చింది.